రెండు గంటల పాటు

నా పొట్ట కొట్టినవాడు వరహాలరాజు. పేరు దాచి రాయవలసిన అవసరం నాకు లేదు. మొగలిపల్లం మురుగునీటి సంఘానికి పన్నెండేళ్ళుగా ఆయనే ప్రెసిడెంటు. అందులో పదకొండేళ్ళు నా భుజం మీద చెయ్యేసి, “మా ఏడుకొండలు లేకపోతే ఊరు ఏట్లో ఉండేదండి” అని వచ్చిన ప్రతి ఆఫీసరుకీ చెప్పాడు. పన్నెండో ఏడు అదే చేత్తో నాకు కాగితం ఇచ్చాడు.

నేను ఆరో తరగతిలో బడి మానేశాను. రాత కుదురుగా లేకపోతే సర్దుకోండి. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తాను. నాకు ఇష్టం లేని ముక్క కూడా.

మా ఊరు పల్లం. ఊళ్ళో పడ్డ వాన, చేలల్లో నిలిచిన నీరు అంతా ఒక మురుగు కాలువలో చేరి ఉప్పుటేటి ఒడ్డున ఆగుతుంది. అక్కడొక ఇనుప తలుపు, పక్కన పంపుహౌసు. సముద్రపు నీరు ఏట్లోకి ఎగదన్నడం పోటు, వెనక్కి తియ్యడం పాటు. పుస్తకాల్లో ఆటు అంటారట. మేం పాటు అంటాం, మా తాత కూడా పాటే అన్నాడు. పోటు ఉన్నంతసేపు తలుపు మూసి, పంపులతో మురుగు తోడి ఏట్లో పొయ్యాలి. పోటు తిరిగి, పాటు రెండు గంటలు నడిచి, ఏరు దిగాక తలుపు ఎత్తితే మురుగు దానంతట అదే పోతుంది. ముందు ఎత్తితే ఉప్పునీరు ఊరి మీద పడుతుంది. ఆలస్యంగా ఎత్తితే చేలు కుళ్ళుతాయి.

ఎప్పుడు ఎత్తాలో తెలిసినవాణ్ణి లస్కరు అంటారు. ఆ లస్కరును ఎంచుకోవడానికి మా ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. తలుపు పక్కన మొదటి చేను ఎవరిదో వాడే లస్కరు. తప్పు చేస్తే మొదట మునిగేది వాడే కాబట్టి వాడు నిద్రపోడని పెద్దల ఆలోచన. మా నాన్న ఆ చేను కొన్నప్పుడు పనీ దాంతోపాటే వచ్చింది. నాన్న తర్వాత ఇరవై ఆరేళ్ళు నేను చేశాను. పోటు తిరిగే క్షణం నాకు కుడి చెవి వెనక తెలిసేది. ఎవరో లోపల్నుంచి వేలితో నొక్కినట్టు. ఇంట్లో అన్నం తింటున్నా తెలిసేది.

పంపులూ మోటార్లూ పీతల సామ్యేలు చూసేవాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. నన్ను ‘కొండలన్నా’ అనేవాడు. సంఘం సొంత పనివాళ్ళంటే మేమిద్దరమే.

ఆ ఏడు సర్వసభ్య సమావేశంలో రాజు గోడ మీద బొమ్మ వేసి చూపించాడు. ఒక పక్క మా ఇద్దరి జీతాలు, బోనసు, సెలవులు, రిపేర్లు. రెండో పక్క హైదరాబాదు కంపెనీ ఒప్పందం, ఏడాదికి ఒకే అంకె.

“మోటారు కాలితే వాళ్ళదే బాధ్యత. మనిషికి జ్వరమొస్తే వాళ్ళదే బాధ్యత. మనం చెయ్యాల్సిందల్లా ఫోను,” అన్నాడు.

సామ్యేలు లేచాడు. “ఆయ్, బానే ఉందండి. పంపులో గుర్రపుడెక్క ఇరుక్కుంటే హైదరాబాదు నించి చెయ్యెట్టి లాగుతారాండీ?”

అందరూ నవ్వారు. వాడు కూర్చోలేదు. “ఇంకో మాటండి. కొండలన్న చేను తలుపు పక్కనుంది. ఈ కంపెనీ వాళ్ళ చేను ఏ సర్వే నంబర్లో ఉందండి?”

ఈసారి నవ్వు తక్కువైంది. రాజు మాత్రం తడబడలేదు.

“సరే సామ్యేలూ, నువ్వే చెప్పు. టైఫాయిడొచ్చి ఏడుకొండలు పదహారు రోజులు ఆసుపత్రిలో ఉంటే ఏమైంది? తలుపు ఎప్పుడెత్తాలో ఊళ్ళో ఒక్కడికి తెలిసిందా? నువ్వెత్తావా? నాట్లు ఊడ్చిన చేలు ఊడ్చినట్టు కుళ్ళిపోలేదూ? ఎవరికైనా నేర్పవయ్యా అని రెండుసార్లడిగాను. నేర్పాడేమో అడుగు.”

నేను నేల చూశాను. నేర్పలేదు. నేర్పితే ఇంక నేనెందుకు?

“ఊరి పంటంతా ఒక్కడి బుర్రలో పెట్టుకుని కూచోడం తెలివి కాదు,” అన్నాడు రాజు. ఆ మాట ఆ రోజు అబద్ధం కాదు. ఇప్పుడూ కాదు. చేతులు లేచాయి. కంపెనీ గెలిచింది.

మా పని వాళ్ళకి అప్పగించడాన్ని కేటీ అంటారట. తొంభై రోజులు నేను మామూలుగా పని చెయ్యాలి. నా తలకి వాళ్ళ టోపీ ఉండాలి. తర్వాత నన్ను సూపర్‌వైజరుగా ఉంచుతారని రాజు చెప్పాడు.

“మొత్తానికి టోపీ పెడుతున్నామని చెప్పే పెడుతున్నారు. నిజాయితీపరులే,” అన్నాడు సామ్యేలు.

సంక్రాంతి దాటాక ప్రణవి అనే అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. హైదరాబాదులోనే పుట్టి పెరిగిందట, సముద్రం మూడుసార్లు చూసిందట. టోపీ చేపల వల ముక్కలా ఉంది, లోపల కందిపప్పు బద్దలంత బిళ్ళలు. నా తలకి తొడిగి, తన చేతిలో పలక మీద చుక్కలు మెరవడం చూసి సంబరపడింది.

“మీరు పంపు సౌండ్ వింటున్నప్పుడు మీ బ్రెయిన్‌లో ఒక దారి వెలుగుతుంది అంకుల్. ఆ దారిని మేం కాపీ చేసుకుంటాం. మిషన్‌కి ఆ దారే ఇస్తాం.”

సంతకం కాగితం ఇంగ్లీషులో ఉంది. సామ్యేలు ఐటీఐ చదివాడు, వేలు పెట్టి చదివాడు. “చదివిన చోట కొంత అరుగుదల ఉండొచ్చు అని రాసుంది. ఏంటమ్మా ఇది?”

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. “చాలామందికి నెలలో తిరిగొచ్చేస్తుంది అన్నా.”

“రానోళ్ళకో?”

ఆమె పెన్ను నా వైపు జరిపింది. నేను సంతకం పెట్టాను. పెట్టకపోతే ఆ రోజే ఇంటికి పొమ్మనేవారు.

మొదటి నెల బాగానే గడిచింది. ఆ పిల్ల అడిగేది, నేను చెప్పేవాణ్ణి. ఇన్నేళ్ళలో నా పని గురించి అంత శ్రద్ధగా అడిగినవాళ్ళు లేరు. గొప్పగానే అనిపించింది. ఒకరోజు అడిగింది, “అంకుల్, ఎవరైనా వచ్చి తలుపు ఎత్తమనో దించమనో గొడవ చేస్తే?”

“వినకూడదమ్మా. ఎవడి చేను బాధ వాడిది. అందులోనూ నీకంటే నాకెక్కువ తెలుసన్నోడి మాట అసలు వినకూడదు. ‘ఇంటికెళ్ళి అన్నం తినండి బాబూ’ అని పంపెయ్యడమే.”

ఆమె పకపకా నవ్వి అది కూడా ఎక్కించుకుంది.

నా భార్య తాయారు పాటు వేళ ఏటి బురదలో పీతలు పట్టి అమ్ముతుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి పొద్దున్నే గిన్నెలు తోముతూ ఒకే ప్రశ్న, “ఏవయ్యా, పాటెప్పుడు?” నేను పళ్ళపుల్ల నోట్లోంచి తియ్యకుండా చెప్పేవాణ్ణి. టోపీ పెట్టిన నలభయ్యో రోజు పొద్దున అడిగింది. నేను చెవి వెనక వెతుక్కున్నాను. ఏమీ లేదు. పన్ను ఊడిన చోట నాలుక తడిమినట్టు తడుముకున్నాను.

“ఏం, రాత్రి ఎక్కడన్నా తాగొచ్చావా?” అని నవ్వింది.

“తెలీదే,” అన్నాను.

గిన్నె కింద పెట్టి నా వంక చూసింది. ఆ రోజు ఆమె ఏటికి వెళ్ళేసరికి పోటు నడుం దాకా ఉంది. ఖాళీ బుట్టతో వచ్చి గుమ్మంలో కూర్చుంది. మర్నాటి నుంచి నన్ను అడగడం మానేసింది. కొట్లో కేలండరు వెనక ఉండే పోటు వేళలు ఎవరిచేతో చదివించుకునేది.

అరవయ్యో రోజు పొద్దున రాజు నాకు కాగితం ఇచ్చాడు. కేటీ పూర్తవగానే సంఘం పనిలోంచి నన్నూ సామ్యేలునూ తీసేస్తున్నట్టు. “సూపర్‌వైజరు సంగతి ఏమైందండి?” అన్నాను. “కంపెనీ ఒప్పుకోలేదోయ్. నా చేతుల్లో ఏముంది?” అన్నాడు. భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. నేను వెనక్కి జరిగాను.

అదే రోజు మధ్యాహ్నం ప్రణవి తలుపు ఎత్తిన వేళలు రాసే నా పాత లాగు పుస్తకం ముందేసుకుని కూర్చుంది. పోటు నిండి ఏరు గుర్తు దాకా వస్తే అక్కడ ఒక బెండు తేలి గంట కొడుతుంది. ప్రతి రోజూ నేను రాసిన వాక్యం ఒకటే: ‘గంట మోగినది. రెండు గంటల పాటు చూచి తలుపు ఎత్తడమైనది.’

“గంట మోగాక రెండు గంటల పాటు చూడాలి. అంటే టూ అవర్స్ వెయిట్ చెయ్యాలి. అంతే కదా అంకుల్?”

అంతే కాదు. నేను రాసింది రెండు గంటల పాటు, అంటే పాటు రెండు గంటలు నడవాలని. గంట మోగడంతో దానికి పనిలేదు. మామూలు రోజుల్లో గంట మోగగానే పోటు తిరుగుతుంది కాబట్టి రెండు లెక్కలూ ఒక్కటే అవుతాయి. గాలివాన రోజున మాత్రం పోటు తిరగకముందే గంట మోగుతుంది, రెండూ ఒక్కటి కావు. నా తలలో పాటు తెలిసే చోటును ఆ మిషను గడియారం అనుకుందన్నమాట.

ఒక్క మాటలో చెప్పి ఉండొచ్చు. ఆ పిల్ల కళ్ళు నా మీదే ఉన్నాయి. జేబులో కాగితం గరగరలాడింది.

“అంతేనమ్మా,” అన్నాను.

ఏదో ఒక గాలివానకి మిషను తడబడుతుందని, రాజు నా గుమ్మంలోకి వస్తాడని అనుకున్నాను. తడబడడం అంటే ఏమిటో, మొదటి చేను ఎవరిదో ఆ క్షణాన నాకు గుర్తు లేదు.

వానాకాలమంతా మిషను తలుపును గీత తప్పకుండా నడిపింది. చేతితో తిప్పే చక్రాన్ని తీసేసి పాత ఇనుముకి వేశారు. గదికి కొత్త తాళం, గోడకి మాట్లాడే డబ్బా, దాని మీద కెమెరా. నేను రొయ్యల చెరువు మీద మేత బస్తాలు మోసే పనిలో కుదిరాను. సామ్యేలు పట్నంలో ఫ్యాన్లు బాగుచేసే కొట్లో చేరాడు. ఆదివారం ఆదివారం వచ్చేవాడు.

“అన్నా, డబ్బాతో మాట్లాడావా? దానికి నీ గొంతే పెట్టార్రా దేవుడా. ‘ఆయ్, చెప్పండి’ అంటంది. నేను బూతు తిడితే నీలాగే దగ్గింది.”

నేను వెళ్ళలేదు.

కార్తీకంలో తుపాను వచ్చింది. అది ఆదివారమే. గాలికి రేకులు లేస్తుంటే సామ్యేలు, నేను మా పాక మీదకి తాళ్ళు వేస్తున్నాం. తొమ్మిదింటికి ఏటి గంట మోగింది.

తాయారు వసారాలోంచి అరిచింది. “కేలండర్లో పోటు పన్నెండింటికన్నారు. అప్పుడే మోగిందేటయ్యా?”

“గాలి తోస్తందొదినా, సముద్రాన్ని,” అన్నాడు సామ్యేలు.

నా చేతిలో తాడు జారిపోయింది. తొమ్మిది మీద రెండు, పదకొండు. పదకొండింటికి ఏరు ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. మిషను తలుపు ఎత్తుతుంది.

చెప్పాను. సామ్యేలుకి సగం అర్థమైంది. “పాటంటే ఏంటో దానికి తెలీదా? ఎవరూ చెప్పలేదా?”

“నన్నడిగారు. నేనే చెప్పలేదు.”

వాడు నా మొహంలోకి చూసిన చూపు ఇప్పటికీ ఉంది నా దగ్గర. తర్వాత మోకు భుజాన వేసుకున్నాడు. “తిట్టడానికి తర్వాత టైముంది. నడు.”

దారిలో రాజుకి ఫోను చేశాను. “నా చేతిలో ఏం లేదయ్యా, కంపెనీకి చెయ్యి,” అన్నాడు. గొంతులో భయం ఉంది. కంపెనీకి చేస్తే టోకెను నంబరు ఇచ్చి, నాలుగు గంటల్లో మాట్లాడతామంది. పంపుహౌసు చేరేసరికి పదిన్నర. ఏరు తలుపు పై అంచుకి జానెడు కింద ఉంది. లోపలి కాలువ నిలువు లోతు కింద ఉంది.

డబ్బా మీట నొక్కాను.

“ఆయ్, చెప్పండి,” అంది నా గొంతు.

“తలుపు ఎత్తకు. ఏరు ఇంకా పోటు మీదుంది.”

“గంట మోగి గంటన్నరయిందండి. రెండు గంటల పాటు చూసి ఎత్తుతామండి. పద్ధతేనండి.”

“పాటంటే ఆ పాటు కాదురా! నీళ్ళు తియ్యాలి! నేను ఏడుకొండల్ని. ఆ పద్ధతి నాదే. నీకంటే నాకెక్కువ తెలుసు!”

డబ్బా చిన్నగా దగ్గింది. అచ్చం నేను దగ్గినట్టే.

“ఇంటికెళ్ళి అన్నం తినండి బాబూ.”

ఇంకేం చెప్పినా అదే మాట. సామ్యేలు గడ్డపారతో తాళం పగలగొట్టాడు. లోపల కొత్త తీగలు, కొత్త పెట్టెలు, వాడికి తెలిసినవేవీ లేవు. పాతవి మిగిలింది నేలమీద మూడు మీటలు. ఒకటి తలుపుకి బ్రేకు. ఒకటి మోటారును కలిపేది. ఒకటి ఎదురు బరువును వదిలేది, అది లాగితే తలుపు ఒక్క ఊపున పైకి లేస్తుంది. మూడింటి మీదా పేర్లు రాసి లేవు. నా చేతికి తెలుసు కాబట్టి ఎప్పుడూ రాయలేదు. రాయనివ్వలేదు కూడా.

పదకొండు కావడానికి రెండు నిమిషాలు. సామ్యేలు గడ్డపార తీసుకుని, కాలువ వైపు తెరిచి ఉన్న పళ్ళచక్రం గుంటలోకి దిగాడు. “నేను చక్రానికి అడ్డం పెడతాను. మోటారు తిరిగితే ఇది ఎంతోసేపు ఆగదు. నువ్వు బ్రేకు లాగు.”

మూడు మీటల ముందు నిలబడ్డాను. ఇరవై ఆరేళ్ళు చూడకుండా పట్టుకున్న మీటలు. చెయ్యి చాపాను. చెయ్యి మధ్యలో ఆగిపోయింది. దానికి ఏమీ తెలియదు.

కింద మోటారు మూలిగింది. గడ్డపార కిర్రుమంది.

“కొండలన్నా! లాగు!”

“ఏదిరా?”

“నన్నడుగుతావేంటి? నీ మీటలు!”

“తెలీడం లేదురా...”

“ఏదోటి లాగన్నా!”

మధ్యది లాగాను.

తలుపు ఒక్క ఊపున లేచింది. గొలుసుల చప్పుడు, తర్వాత ఏరు. నేల అదిరింది. గుంటలో నీళ్ళు నిండడానికి మూడు క్షణాలు కూడా పట్టలేదు. నేను మీటలు పట్టుకుని వేలాడుతూ వాడి పేరు పిలిచాను. బయట డబ్బా మామూలుగా చెబుతోంది, “తలుపు ఎత్తడమైనదండి.”

మర్నాడు పాటు వేళ నీళ్ళు తీశాక వాడు పంపుల ముందున్న ఇనుప జల్లెడకి ఆనుకుని కనబడ్డాడు. చుట్టూ గుర్రపుడెక్క. చేత్తో లాగాం.

నెల తర్వాత పంచాయతీ హాల్లో విచారణ జరిగింది. కంపెనీ మనిషి కాగితం చదివాడు. పద్ధతి ప్రకారమే తలుపు ఎత్తామని, ఆ పద్ధతి సంఘం సొంత పుస్తకంలోనిదేనని, తాళం పగలగొట్టి లోపలికి వెళ్ళినందువల్లే ప్రాణనష్టమని. ప్రణవి చివర కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె నా మాటలన్నీ దాచుకున్న పలక ఒళ్ళో ఉంది, తెరవలేదు. ఉన్నట్టుండి ఆడవాళ్ళ వైపు తిరిగి, “పాటు అంటే ఏంటి ఆంటీ?” అని అడిగింది.

తాయారు చెప్పింది. “నీళ్ళు తియ్యడమమ్మా. పోటు, పాటు. చంటిపిల్లల్నడిగినా చెప్తారు.”

ఆ పిల్ల నా వైపు చూసింది. నేనూ చూశాను. ‘అంతేనమ్మా’ అన్న నా మాట ఆ పలకలో ఉంది. ఆమె బయట పెడితే కంపెనీ నెగ్గేది, నేను జైలుకి పోయేవాణ్ణి. ఎందుకో పెట్టలేదు. లేచి బయటికెళ్ళిపోయింది. ఉద్యోగం కూడా మానేసిందని తర్వాత విన్నాను. సామ్యేలు భార్య మార్తమ్మ మొదటి వరసలో కూర్చుంది. ఆమెకి నేను ఇప్పటివరకూ చెప్పలేదు. ఇది అచ్చయితే ఎవరైనా చదివి చెప్పాలి.

రాజు ఏడ్చాడు. నిజంగానే. ఆయన చేలు కూడా మునిగాయి.

కంపెనీ ఆ ఒక్క మాటనీ దిద్దుకుంది. ఇప్పుడు దానికి పాటంటే తెలుసు. ఏటి పొడవునా పదకొండు పంపుహౌసులు అదే నడుపుతోంది, అన్నిట్లోనూ నా గొంతే. ఒక్క తప్పు చెయ్యడం లేదు. పొద్దున్నే తాయారు గుమ్మంలో కూర్చుని దానికి ఫోను చేస్తుంది. “ఏవయ్యా, పాటెప్పుడు?” అంటుంది. అలవాటు మీద అలాగే వస్తుంది ఆమెకి. ఫోనులో నేను చెబుతాను. ఆమె బుట్ట తీసుకుని వెళ్ళిపోతుంది. నేను పక్కనే పళ్ళు తోముకుంటూ ఉంటాను.

ఉప్పునీరు చేలల్లో తొమ్మిది రోజులు నిలిచింది. పైచేలు రెండు వానలకి కడుక్కుపోయి బాగవుతాయట. మొదటి చేను మాత్రం బాగవదని వ్యవసాయాఫీసరు మట్టి నాలుక మీద వేసుకుని మరీ చెప్పాడు. తెల్లగా చవుడు తేలింది. గట్టు మీద నిలబడితే కళ్ళు మండుతాయి.

నష్టపరిహారం రాయడానికి వీఆర్వో వచ్చాడు. కాగితంలో పోయినదేమిటో రాయడానికి ఒకటే గడి ఉంది. చెవి వెనకది రాయమంటారా అని అడిగాను. సామ్యేలు పేరు ఎక్కడ రాయాలని అడిగాను.

“భూమి ఒక్కటే అండి,” అన్నాడు.

రాశాను. కొల్లాటి ఏడుకొండలు, తండ్రి సత్యం, మొగలిపల్లం, తలుపు పక్కన మొదటి చేను, సర్వే నంబరు నూట పద్ధెనిమిది, ఎకరం ఇరవై ఆరు సెంట్లు.